కదలని దోనె

ఈ రోజు కొల్లేటిలో నా పదేళ్ల ఫొటోగ్రఫీ అనుభవం నీళ్లపాలైంది. ఇంకా నవ్వు ఆగడం లేదు.

చేపలు పట్టే కోటమ్మను నీళ్లలో పాతిన గెడకు కట్టేసిన తాటిదోనెలో నిలబెట్టి, ఎదురుగా మరో దోనెలో నేను కెమేరా పెట్టాను. నల్లగుడ్డలో తల దూర్చి చూస్తే, కెమేరా వెనక అద్దంలో ఆమె ఒకటే ఊగుతోంది.

“కదలకమ్మా!” అని నాలుగుసార్లు అరిచాను.

“నేను కదల్లేదండీ బాబూ, కదిలేది మీ దోనె!” అంటూ ఆమె నడుంలోతు నీళ్లలోకి దిగి వచ్చి, నా దోనెను రెండు చేతులా పట్టుకుంది. దోనె బండరాయిలా నిలిచింది. ఆ సంబరంలో వెంటనే ఫొటో తీసేశాను.

సాయంత్రం ఏలూరు వచ్చి ఫొటో పడిన గాజు ప్లేటు కడిగితే, ఎదుటి దోనె తాటిమాను చారలతో సహా అద్భుతంగా పడింది. కోటమ్మే లేదు! ఎలా ఉంటుంది, నా దోనె పట్టుకునుందిగా!

ఇంత చక్కటి ఫొటో కింద ఎవరి పేరు రాయమంటారు, నాదా, ఆమెదా?