సూది కారు

డిక్కీ తెరవగానే ముందు బత్తాయి తొక్క వాసన వచ్చింది, దాని వెనకే స్పిరిట్ వాసన, సూది వేసే ముందు దూదితో చేతికి రుద్దితే జివ్వుమనే ఆ చల్లటి వాసన. తొక్కలు స్టెప్నీ టైరు కింద దొరికాయి, ఎండి చెప్పుతోలులా గట్టిపడి ఉన్నాయి. వాటి పక్కన అమ్మ టీకాల డబ్బా, నీలం రంగుది, మంచుగడ్డలు పెట్టుకునేది, మూత మీద సర్కారు ముద్ర సగం చెరిగిపోయి ఉంది. అమ్మ పోయి రెండేళ్లయింది. వాసన మాత్రం కిరాయి కట్టకుండా ఇంకా అక్కడే కాపురం చేస్తోంది.

అమ్మ పోయాక తెరవని ఆ డిక్కీని నేను ఖాళీ చేయడానికి తెరిచాను. శుక్రవారం నాడు ఈ చిన్న కారును షోరూము వాళ్లకు అప్పగించి, బదులుగా జోరుగా పోయే బండి తెచ్చుకుంటానని మాట ఇచ్చి వచ్చాను. నేనుండేది చిట్యాలలో, పని చేసేది హైదరాబాదు శివార్లలో ఒక దవాఖాన ల్యాబులో. పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలి. ఈ కారేమో యాభై దాటితే వణుకుతుంది, అరవై దాటితే తలుపులతో సహా ఏడుస్తుంది. హైవే మీద లారీలు వెనక నుంచి హారన్లు మోగిస్తూ నన్ను మట్టిలోకి తోస్తాయి. ఒకే నెలలో మూడుసార్లు ఆలస్యమైంది. ఇంకొక్కసారి అయితే ఇంకో టెక్నీషియన్ను చూసుకుంటామని మా సూపర్వైజరు నవ్వకుండా చెప్పింది. కనుక తేల్చుకోవలసింది చాలా తేలిక, ఉద్యోగమా, కారా? చిన్నపిల్లనడిగినా చెప్తుంది. అయినా నాలుగు రోజులుగా షోరూము కాగితాలు ముందేసుకుని కూర్చుంటున్నాను. నవ్వులాట ఏమిటంటే, చిన్నప్పుడు ఈ కారంటే నాకు ఒళ్లు మంట.

తిరుమలగిరి చుట్టుపక్కల ఊళ్లకు మా అమ్మ నర్సమ్మ. కిరాయికి తిప్పుకుందామని నాయిన ఎవరి దగ్గరో కొన్న ఈ తెల్లకారు ఇంటికొచ్చిన ఏడాదికే, నాకు మూడేళ్లప్పుడు, నాయిన పచ్చకామెర్లతో పోయాడు. కారు అమ్మెయ్యమని చుట్టాలందరూ చెప్పారు. అమ్మ వినకుండా ఎండిపోయిన చెరువులో నాయిన స్నేహితుడి దగ్గర పదిహేను రోజులు డ్రైవింగ్ నేర్చుకుని, ఒక తుమ్మచెట్టును గుద్ది, రెండు గొర్రెలను బెదరగొట్టి, పదహారో రోజున తెల్లచీర కట్టుకుని డ్యూటీకి కారులోనే పోయింది. లోపల అద్దానికి మా చర్చిలో ఇచ్చిన చెక్క సిలువ వేలాడేది. బయట బంపరుకు మా ఇంటి ఓనరు అవ్వ ప్రతి అమావాస్యకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టేది. పాస్టరుగారు చూసి మొహం చిట్లిస్తే అమ్మ, "ఉండనియ్యుండ్రి అయ్యగారూ, ఆమె ప్రేమ ఆమెది" అనేది.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు నేను అయిదో తరగతి. బళ్లో గులాబీ రంగు చల్లుకుని అందరం ఎగిరాం, లడ్డూలు తిన్నాం, కాని మా కారు నంబరు ప్లేటు మీద పాత అక్షరాలే ఉండిపోయాయి. ఇంట్లో నన్ను చూసుకునేవాళ్లు లేరు కనుక సెలవులన్నీ, శనివారాలన్నీ నేను ఆ కారు వెనక సీట్లోనే పెరిగాను. ఎండాకాలం రెగ్జిన్ సీటు తొడలకు అంటుకుని చర్మం లేచొచ్చినంత పనయ్యేది. తుమ్మచెట్టు నీడ జరుగుతుంటే అమ్మ ఊళ్లోంచి పరుగున వచ్చి కారును నీడలోకి జరిపి మళ్లీ పోయేది. వానలు పడితే ఎర్రమట్టి వాసన, పత్తిచేలల్లో కొట్టే మందు వాసన, అద్దం మీద నా ఊపిరితో నేనే గీసుకున్న బొమ్మలు. దసరా ముందర గుట్టల మీద తంగేడు పసుపు పచ్చగా విరగబూస్తే అమ్మ దారిలో ఆపి బతుకమ్మ కోసం ఓనరు అవ్వకు ఒడినిండా కోసుకొచ్చేది, ఆ పువ్వుల మధ్య నేను, నా ఒళ్లో సీతాఫలాలు. ఊళ్లోవాళ్లు ఊరికే పంపేవారు కాదు. మక్కగారెలు, వేడివేడి సర్వపిండి ముక్కలు, సంక్రాంతి దాటిన వారానికి కూడా కరకరలాడే సకినాలు, బత్తాయి తోటల వాళ్లయితే సంచి నిండా బత్తాయిలు. తిండికి లోటు లేదు. కూడా కూర్చుని తినేవాళ్లే లేరు.

ఎందుకు లేరో చెప్తాను. ఊరి మొదట్లోకి రాగానే అమ్మ హారన్ మూడుసార్లు కొట్టేది, కుయ్, కుయ్, కుయ్ అని, జలుబు చేసిన కోడిపుంజు గొంతులాగ. అది విని తల్లులు చంకబిడ్డలను ఎత్తుకుని టీకాలేసే సెంటరు దగ్గరికి వచ్చేవారు. నా ఈడు పిల్లలు మాత్రం ఒక్కసారిగా అరిచేవారు.

"సూది కారొచ్చిందిరో! ఉరుకుర్రి!"

ఇక చూడాలి ఆ చోద్యం. గోళీలు గోళీల దగ్గరే, చిర్రగోనె చిర్రగోనె దగ్గరే వదిలేసి గడ్డివాముల వెనక్కి, మేకల దొడ్లలోకి, ఒకడైతే ఏకంగా వేపచెట్టు కొమ్మ మీదికి. అర నిమిషంలో ఊరు ఊరంతా పిల్లల్లేని ఊరయ్యేది. నేను అద్దం దించుకుని ఖాళీ ఆటస్థలాన్ని చూస్తూ కూర్చునేదాన్ని. వాళ్లు నన్ను చూసే పారిపోతున్నారని నా నమ్మకం. సీటు మీద సుద్దతో గళ్లు గీసి, చింతగింజలతో అష్టాచమ్మా ఆడేదాన్ని, నాలుగు దిక్కులా నేనే. ఒక దిక్కు గెలిస్తే మిగతా మూడు దిక్కులకూ కోపం వచ్చేది. గుట్టకింది గూడెంలో ఒక పిల్ల మాత్రం పూర్తిగా పారిపోయేది కాదు. కందికట్టెల దడి వెనక నిలబడి సందులోంచి నన్నే చూసేది. బిస్కట్టు చూపించి రమ్మని చెయ్యూపితే కళ్లు పెద్దవి చేసుకుని మాయమయ్యేది.

ఏడో తరగతిలో ఉండగా సూర్యాపేటలో ఎర్రకారు ఒకటి చూశాం. పాత కారు ఇచ్చేసి తీసుకోవచ్చన్నారు. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బైపాసు మీద నడిపి చూసింది. ముల్లు ఎనభై దాటినప్పుడు ఆమె నవ్వింది. కొప్పు ఊడిపోయి, వెంట్రుకలు మొహాన పడి, గట్టిగా, పెళ్లికాని పిల్లలా నవ్వింది. అమ్మ అట్లా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. ఇక కొన్నట్టే అనుకున్నాను. ఎర్రకారులో పోతే ఎవడూ ఉరకడు, నాకూ నలుగురు దొరుకుతారు అని దారిపొడవునా లెక్కలు వేసుకున్నాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అమ్మ మెల్లగా అంది.

"వద్దులే బిడ్డా. కొత్త బండిని ఊళ్లల్ల గుర్తువట్టరు. గుర్తువట్టకుంటే సూదికి ఎవలొస్తరే?"

నేను ఒద్దనుకున్నదే ఆమెకు కావాలి! ఆ కోపంతో మూడు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయేది, అంతటితో ఊరుకోలేదు. మెకానిక్కు ఒకసారి బంపరు సందులో చెయ్యి పెట్టి హారన్ తీగ బిగించడం చూసి ఉన్నాను. శనివారం పొద్దున అమ్మ డబ్బాలో మంచుగడ్డలు సర్దుతుంటే అదే సందులో చెయ్యి పెట్టి తీగ పీకేశాను.

గుట్టకింది గూడెం దగ్గర అమ్మ హారన్ నొక్కింది. మోగలేదు. మళ్లీ నొక్కింది. పిల్లలు మమ్మల్ని చూడకముందే కారును చెట్టుకింద ఆపింది కనుక ఎవరూ ఉరకలేదు. నేను దిగి, జీవితంలో మొదటిసారి వాళ్ల గోళీల ఆట పక్కన నిలబడ్డాను. "ఎవలింటి సుట్టానివే?" అని ఒకడు అడిగాడు కూడా. ఆ సంబరం పావుగంటే. అది పత్తి తీసే కాలం. హారన్ వినపడకపోయేసరికి తల్లులందరూ పిల్లలను చంకనేసుకుని చేలకు పోయారు. మంచుగడ్డలు కరిగేలోపు టీకాలు అయిపోవాలని అమ్మ ఆ డబ్బా భుజాన వేసుకుని ఎండలో చేనుచేనుకూ నడిచింది. గట్ల మీద తెల్లచీర ఒకటే ఎక్కుతూ దిగుతూ కనిపించింది. తిరిగొచ్చేసరికి డబ్బా పట్టె భుజం మీద ఎర్రగా వాత తేలి ఉంది, చెప్పు తెగి చేతిలో ఉంది.

అమ్మ బంపరు సందులో చెయ్యి పెట్టి చూసింది, తీగ చూసింది, నన్ను చూసింది. తిట్టలేదు. కొడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. డిక్కీ మీద కూర్చుని బత్తాయి ఒలిచి, తొనలు నాకిచ్చి, తొక్కలు తన ఒళ్లో వేసుకుంది.

"ఒక్కదానివే కూసుంటె పానం ఉసూరుమంటాందా బిడ్డా?" అంది. "నాకు గూడ గంతేనే."

పన్నెండేళ్ల పిల్లకు ఆ రెండో మాట అర్థం కాలేదు. నేను తొనలు తింటూ తలవంచుకున్నాను. తరువాతి శనివారం నుంచి హారన్ మళ్లీ మోగింది, పిల్లలు మళ్లీ ఉరికారు, నేను మళ్లీ చింతగింజలు తీశాను.

రెండేళ్ల కింద సబ్ సెంటరు బల్ల మీదనే అమ్మ గుండె పట్టుకుని వాలిపోయింది. వందల మంది బిడ్డలకు సూది వేసిన చెయ్యిని నేను పట్టుకునేసరికి చల్లబడి ఉంది.

డిక్కీలో దొరికిన డబ్బా సర్కారుది కదా, అప్పగించి వద్దామని మర్నాడు, బుధవారం నాకు సెలవు, ఆ ఊళ్ల వైపు పోయాను. గుట్టకింది గూడెం దాటగానే రోడ్డు పక్క నుంచి ఒక ఆడమనిషి, నా ఈడుదే, చంకలో పసివాడితో చెయ్యెత్తింది. చెయ్యెత్తిన వాళ్లందరికీ ఆపడం అమ్మ అలవాటు, నాకూ అదే వచ్చింది. ఎక్కి కూర్చుని ఆమె అద్దానికి వేలాడే సిలువను చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఓయమ్మో, గిది సూది కారు గాదా! గీ చప్పుడు ఇనే చెయ్యెత్తిన. మా పోరనికి సూదికే పోతాన." ఇక ఆగలేదు. "ఎంత ఉరుకుతుంటిమో! అన్నం తినకుంటె సూది కారెక్కిస్త అంటుండె మా అవ్వ. లోపల్నేమో ఒక పిల్ల కూసుంటుండె. ఎన్నడు దిగకపోతుండె. గా పిల్లకు రోజు సూదులేస్తరంట, అందుకే దిగనిస్తలేరంట అనుకుంటుంటిమి మేమంత. నేనైతె దడి ఎనక నిలబడి గా పిల్లను సూసి ఏడుస్తుంటి. పాపం, ఎటువోయిందో ఏమో."

నేను కారును పక్కకు ఆపాను. నడపలేకపోయాను.

"గా పిల్లను నేనే" అన్నాను.

ఆమె నోరు తెరిచి నన్ను చూసి, నా చెయ్యి గుంజుకుని, జాకెట్టు చెయ్యి పైకి జరిపి, నిజంగానే మచ్చల కోసం వెతికింది. ఒకే ఒక్క మచ్చ ఉంది, అందరికీ ఉండేదే. "ఒక్కటేనానే!" అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. ఆ వెనక సీట్లో ఇన్నేళ్లు నేను ఒక్కదాన్నే అనుకున్నాను. దడి అవతల నా కోసం ఏడ్చిన మనిషి ఒకతి ఉంది, బిస్కట్టుకు రాలేదు గాని. సెంటరు దగ్గర దిగుతూ, "నెలకు మల్ల సూది ఉన్నది వీనికి. బుధవారమే. వస్తవా?" అని అడిగింది. వస్తానన్నాను.

అక్కడి నర్సమ్మకు డబ్బా అప్పగించి, రిజిస్టరులో సంతకం పెట్టి వచ్చాను. కారు ఇవ్వనని షోరూముకు చెప్దామని ఆ సాయంత్రం ఫోను తీశాను కూడా, పొద్దున చేద్దాంలే అని పెట్టేశాను. మర్నాడు పొద్దున హైవే మీద ఇంజను వేడెక్కి ఆగిపోయింది. ఆరూ యాభైకి నేను బానెట్ తెరుచుకుని పొగలో నిలబడి ఉన్నాను. లారీలో లిఫ్టు అడుక్కుని పోయి సూపర్వైజరు కాళ్లావేళ్లా పడ్డంత పనైంది. గుర్తుపట్టాలని పట్టుబట్టిన మనిషే లేదు, ఇక దీన్ని ఎవరు గుర్తుపడితే ఏం, పట్టకపోతే ఏం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. శుక్రవారం తాళం ఇచ్చేశాను. సిలువ విప్పుకున్నాను. బత్తాయి తొక్కలు కాగితంలో చుట్టి తెచ్చుకున్నాను.

కొత్తది బూడిదరంగు బండి. ఎనభైలో పోతున్నా లోపల చీమ చిటుక్కుమనదు, అద్దాలు దించే పనే లేదు. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. కొత్త రెగ్జిన్ వాసన తప్ప అందులో ఏ వాసనా లేదు. నెల తిరిగాక, అన్న మాట ప్రకారం బుధవారం నాడు పోయాను. ఊరి మొదట్లో పిల్లలు క్రికెట్టు ఆడుతున్నారు, నన్ను చూసి ఒక్కడూ ఉరకలేదు, ఒకడు చేత్తోనే పక్కనుంచి పొమ్మని సైగ చేశాడు. కందికట్టెల దడి ఉన్నచోట ఇటుకగోడ లేచింది. ఆమె గూడెం దాటాక అదే జాగాలో నిలబడి ఉంది, పిల్లవాడికి తలస్నానం చేయించి కొత్త టోపీ పెట్టింది. నా వైపే చూసింది, నన్ను దాటి వెనక ఖాళీ రోడ్డును చూసింది, చెయ్యెత్తలేదు. నేను వేగం తగ్గించి హారన్ మూడుసార్లు కొట్టాను. దారి ఇమ్మంటున్నానేమో అనుకుని ఆమె పిల్లవాణ్ణి గుండెకు అదుముకుని రెండడుగులు వెనక్కి జరిగింది.