వద్దని చెప్పలేని విమానం

లైసెన్సు నాది, బేరం మగవాళ్ళది. మేం కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉండగా, ఎనభైల మొదట్లో, మా ఆయనా ఆయన స్నేహితుడైన పళ్ళ డాక్టరూ కలిసి నాలుగు సీట్ల పాత విమానం ఒకటి కొందామని తీర్మానించారు. ఇద్దరికీ నడపడం రాదు. నడపాల్సింది నేను. ఎంచడం మాత్రం వాళ్ళ పని.

లోయలోని ఓ చిన్న ఎయిర్‌పోర్టుకి వెళ్ళాం. అమ్మే పెద్దాయన రైతు. విమానాన్ని కడిగి షెడ్డు బయట నిలబెట్టాడు. ఆయన భార్య ఆపిల్ పై అనే తీపి వంటకం చేసి తెచ్చింది. మావాళ్ళు విమానం రంగు మెచ్చుకున్నారు, సీట్లు నొక్కి చూశారు, ఆపిల్ పై రెండోసారి పెట్టించుకున్నారు. డాక్టరు టార్చి వేసి ఇంజనులోకి తొంగిచూసి, ఎందుకో మరి, తృప్తిపడ్డాడు.

నేను పిలిపించిన మెకానిక్ రెక్క కింద చిన్న మూత విప్పి నాకొక్కదానికే చూపించాడు. రెక్కను మోసే దూలం మీద తెల్లటి పొడి పొలుసులు కట్టి ఉంది, అల్యూమినియానికి పట్టే తుప్పు. "ఇందులో మీవాళ్ళని ఎక్కించకండి," అన్నాడు.

మావాళ్ళని పక్కకి లాగి చెప్పాను.

"సరే, కొనం," అన్నాడు మా ఆయన.

"ఆ మాట ఆయనకి చెప్పండి."

"వాళ్ళు పెట్టిన ఆపిల్ పై తిన్నాక మీ విమానం పుచ్చిపోయిందని ఎలా చెప్తామోయ్?"

"నువ్వూరుకో చెల్లెమ్మా, నేను మేనేజ్ చేస్తా," అన్నాడు డాక్టరు. వెళ్ళి పెద్దాయన చేతులు పట్టుకుని, విమానం లక్షణంగా ఉందనీ, ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామనీ చెప్పాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చకపోతే మనవాళ్ళు చెప్పేది ఇదే. కాలిఫోర్నియా రైతుకి అదెలా తెలుస్తుంది? ఆయన భార్య మిగిలిన ఆపిల్ పై కట్టి ఇచ్చింది. దారంతా నాకు ఒళ్ళు మండిపోయింది.

పెద్దాయన ఫోన్లు మొదలయ్యాయి. ఎప్పుడు చేసినా మా ఆయన స్నానంలోనే ఉన్నాడు. వేరెవరో కొంటామని అడిగితే మా కోసం ఆపానని వాళ్ళకి చెప్పాడట పాపం ఆ పెద్దాయన. చివరికి మిత్రులిద్దరూ ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. పేజీ నిండా ఆపిల్ పై పొగడ్తలే. విమానం దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది.

ఓ ఆదివారం మళ్ళీ ఫోన్ మోగింది. మా ఆయన తువ్వాలు అందుకున్నాడు. నేనే తీశాను.

"మీ విమానం రెక్కలో దూలాన్ని తుప్పు తినేసింది. అది ఎగరకూడదు. మాకొద్దు," అన్నాను. జన్మలో ఎవరికీ అలా మొహం మీద చెప్పి ఎరగను.  కోప్పడతాడనుకున్నాను.

"బాగుందన్నారుగా మీరంతా," అన్నాడు పెద్దాయన సన్నటి గొంతుతో. "మెకానిక్ కూడా చూశాడు కదా అని, ఇవాళ పొద్దున మనవరాళ్ళిద్దరినీ ఎక్కించుకుని తిప్పాను."

 "పిల్లలిప్పుడెక్కడున్నారు?" అన్నాను.

"నేను షెడ్డు నుంచే మాట్లాడుతున్నా. ఇంకో రౌండు కావాలని వాళ్ళు విమానంలోనే కూర్చున్నారు."

ఆయన ఫోన్ పెట్టేయకుండానే పరుగెత్తాడు. దిగమని ఆయన అరవడం, దిగం అని వాళ్ళు మారాం చేయడం, రెండూ నాకు వినిపించాయి.