బూడిదరంగు పిల్లికి ఆపరేషన్

పాపకు అయిదో నెల నడుస్తున్నప్పుడు మా అటకమీద ఏడు పిల్లులుండేవి. ధర్మపురి బజారు వెనక మాదొక పెంకుటిల్లు. ముందుభాగంలో మావారి రాగుల మండీ, వెనక మా కాపురం. బస్తాల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పిల్లులు వచ్చేవి. వాటిని ఎవరూ పెంచలేదు, ఎవరూ పొమ్మనలేదు.

ఒక మధ్యాహ్నం చీరతో కట్టిన ఉయ్యాల్లోకి పైనుంచి ఒక కూన జారిపడింది. దాని కళ్లకు పుసి, ముక్కు నిండా చీమిడి. పాప నవ్వింది. ఏడ్చింది నేను. పాప ఒంటిమీద ఎక్కడైనా గోరు గీసుకుందేమోనని పట్టపగలు టార్చిలైటు వేసి వెతికాను.

మర్నాడే మావారు ఏడింటినీ గోనెసంచుల్లో పట్టించి, మారండహళ్ళి పోయే ఖాళీ కూరగాయల లారీ ఎక్కించారు. మా వీధిలో అందరూ చేసే పనే అది. దారి మరిచిపోవాలని అత్తగారు ఒక్కో సంచినీ పట్టుకుని తను కూడా మూడేసి చుట్లు తిరిగారు. చివరి సంచి అయ్యేసరికి ఆవిడకే తల తిరిగి, లారీ చక్రాన్ని ఆనుకుని కూర్చున్నారు.

ఆ ఏడు పిల్లులూ తిరిగి రాలేదు. రెండు వారాలు ఎలుకలదే రాజ్యం. బస్తాలకు కన్నాలు పడ్డాయి, పాప పాలడబ్బా మూతమీద పెంటికలు కనిపించాయి. ఆ తర్వాత ఎక్కడెక్కడినుంచో వేరే పిల్లులు దిగాయి. చోటు కోసం అవి రోజూ కొట్టుకునేవి. వాటిలో ఒక బూడిదరంగు ఆడపిల్లి ఈనింది. మూడు కూనల్లో ఒక్కటీ చలికి నిలవలేదు. నెల తిరక్కముందే గండుపిల్లి మళ్లీ గోడెక్కి అరవడం మొదలుపెట్టింది.

నేను బి.ఎస్సీ.లో జువాలజీ చదివాను. కప్పల్ని కోసిన చదువు సంసారంలో ఎందుకూ పనికిరాదని అందరితోపాటు నేనూ అనుకునేదాన్ని. ఆ వారం అది మొదటిసారి పనికొచ్చింది. తిండి ఉన్నంతకాలం, ఒక పిల్లిని పంపేస్తే ఆ చోటికి ఇంకొకటి వస్తుంది. అందుకని ఉన్నదాన్ని ఉండనిచ్చి, దానికి పిల్లలు కలగకుండా చేయాలి.

ఆ సంగతి చెబితే మావారు నోటిదాకా తెచ్చిన ముద్ద ఆపేశారు.

"పిల్లికి ఫ్యామిలీ ప్లానింగా? బస్టాండు గోడమీద ఎర్ర త్రికోణం చూసి చూసి నీకు బుర్ర చెడింది."

"ఎద్దులకి చేపిస్తారు కదండీ."

"ఎద్దు బండి లాగుతుంది. ఇదేం లాగుతుంది?"

"మీ ఎలుకల్ని."

అత్తగారు మాత్రం నవ్వలేదు. "పిల్లి చస్తే ఆ పాపం ఊరికే పోదమ్మా. ఇంట్లో చంటిబిడ్డుండాది. దానికే తగులుతుంది."

అటువంటివి నమ్మనని ఎవరితోనైనా అనగలను. కానీ పాప పేరు చెప్పిన తర్వాత నా చదువు నాకు ధైర్యం ఇవ్వలేదు. పిల్లి చచ్చిపోతే, ఆ తర్వాత పాపకు వచ్చే ప్రతి దగ్గుకూ అత్తగారి చూపు నామీదికే వస్తుంది. అంతకంటే భయం, నేనూ అలాగే అనుకుంటానేమోనని.

అయినా పాపను చంకనేసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుగారు ఒక ఆవును పరీక్ష చేస్తున్నారు. ఊరంతా తమిళమే అయినా, ఆయనా మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషే.

"ఈ ఊర్లో పిల్లికోసం నన్నెవురూ అడగలేదు. చదువుకునేటప్పుడు కుక్కలకి చేసినాను. పిల్లులకి రెండే రెండుసార్లు."

"ఆ రెండూ బతికినాయా సార్?"

"బాగా బతికినాయి. ముందురోజు రాత్రి దానికి ఏమీ పెట్టొద్దు. ఎట్ల పట్టుకొస్తారో, అది మీ కష్టం."

కోళ్లగంపను ఒక పుల్లమీద వాలుగా నిలబెట్టి, కింద ఎండుచేప పెట్టి, పుల్లకు కట్టిన దారం పట్టుకుని కూర్చున్నాను. రెండు సాయంత్రాలు పిల్లి చేప నోట కరుచుకుని తప్పించుకుపోయింది. మూడోనాడు అత్తగారు వచ్చి నా చేతిలో దారం లాక్కున్నారు. కడత్తూరు దగ్గర మేకలు కాసిన ఇంట్లో పుట్టిన మనిషి.

"తల పోతూనే లాగేస్తే ఎట్ల? తోక కూడా లోపలికి పోనీ."

గంప పడింది. ఆ రాత్రి దానికి ఇంకేమీ పెట్టలేదు.

మర్నాడు ఆసుపత్రి వసారాలో ఇద్దరం కూర్చున్నాం. పాప అత్తగారి ఒళ్లో నిద్రపోయింది. చాలాసేపటికి డాక్టరుగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"అయిపోయింది. మత్తులో ఉంది."

"గుర్తు పెట్టినారా సామీ?" అని అడిగారు అత్తగారు.

"ఏం గుర్తు?"

"చెవి కొన కోయాల. మా మేకలకి అట్లే చేస్తాం. ఊర్లో బూడిద పిల్లులు ఎన్ని లేవు? లేకుంటే మా కోడలు మళ్లీ దీన్నే పట్టుకొచ్చి మీ ముందర పెడుతుంది."

ఆయన పగలబడి నవ్వి, కత్తెర తీసుకుని లోపలికి వెళ్లారు.

వెనక గదిలో గంప కింద పాత చీర పరిచి పడుకోబెట్టాం. రెండు రోజులు అది ఏమీ ముట్టలేదు. గంట గంటకూ వంగి, దాని డొక్క కదులుతోందా లేదా అని చూసేదాన్ని. తర్వాత చంకలో ఉన్న పాప నుదురు పట్టుకుని చూసేదాన్ని. ఆ రెండు రోజుల్లో పాపను ఒక్క నిమిషం కింద దించలేదు.

మూడోరోజు పొద్దున అత్తగారి గొంతు వినబడింది. "ఏమే, ఇట్లా రా."

పాపను ఎత్తుకుని పరుగెత్తాను. గంప పక్కన ఆవిడ చతికిలబడి ఉన్నారు. పాలు కలిపిన సంకటి గిన్నె అద్దంలా నాకేసి ఉంది. పిల్లి మా ఇద్దరివంకా చూసి, ఇంకా ఏదీ అన్నట్టు అరిచింది. నేను అక్కడే కూర్చుని పాపను గట్టిగా ముద్దుపెట్టుకున్నాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

అత్తగారు గిన్నెలో మళ్లీ సంకటి వేస్తూ అటకవైపు చూశారు.

"ఇంకా ఎన్నుండాయి?"

"రెండు ఆడవి, ఒక గండు."

"ముందు ఆ గండుదాన్ని పట్టాల," అన్నారు. "గంప ఎక్కడ పెట్టాల్నో నేను చూసి పెట్టుకున్యాను."