జెర్రిగడ్డం వెనక్కి ఎందుకు పోయాడు

వంటింట్లో చింతపండు పిసుకుతుంటే ముందు గదిలోంచి గొలుసు చప్పుడు వినిపించింది. ఇనుప లాంతరు గొలుసు. దాని వెనకే చెక్కల మీద బరువైన బూట్ల అడుగులు, ఆ తరువాత ఒక బొంగురు గొంతు. చింతపండు చేత్తోనే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. నా కూతురు మంచం మీద బోర్లా పడుకుని ఏదో కొత్త కార్టూన్ చూస్తోంది. తెరమీద జెర్రిగడ్డం కెప్టెన్ ఉన్నాడు. సముద్రపు దొంగ, పిల్లల కథలో విలన్, గడ్డం రెండు పక్కలా జెర్రి కాళ్ళలాగా పాయలు పాయలుగా చీలి ఉంటుంది. ఈ ఒక్క కథనే ఎన్నిసార్లు తీశారో, ఒక్కోసారి ఆ గడ్డాన్ని ఎలా గీశారో నాకు కంఠతా వచ్చు. నేను కోరి నేర్చుకున్నది కాదు, ఓదేలు కాక నా నెత్తిన రుద్దాడు. ఆయన పోయి రెండేళ్ళయింది, ఆ రుద్దుడు మాత్రం ఇంకా వదల్లేదు.

ఓదేలు కాక నాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో మా బాయి మీద, అంటే బొగ్గు గని మీద, ల్యాంప్ రూముకు ఇన్‌ఛార్జి. నాన్న జబ్బు చేసి పోయాక ఆయన ఉద్యోగం నాకు వచ్చింది, ఆడపిల్లనని లోపలికి పంపకుండా ల్యాంప్ రూములో వేశారు. అక్కడి పని చెప్పడానికి చాలా తేలిక. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ కిటికీలో ఇచ్చి టోపీకి తగిలించుకునే లైటు తీసుకుంటాడు. బిళ్ళను బోర్డు మీద కొక్కేనికి వేస్తాం. షిఫ్టు అయి పైకి వచ్చాక లైటు ఇచ్చేసి బిళ్ళ తీసుకుపోతాడు. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి పైకి వచ్చాడని, బిళ్ళ వేలాడుతుంటే ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఇంతే పని. ఈ పనిని ఒక మనిషి ఇంత కష్టం చేయగలడని నేను కలలో కూడా అనుకోలేదు.

మొదటి రోజు ఆయన నన్ను అడిగింది నా చదువు గురించి కాదు. స్టూలు చూపించి కూర్చోమని, ఫోను తీసి, "జెర్రిగడ్డాన్ని చూసినవా బిడ్డా?" అన్నాడు. చూడలేదన్నాను. "చూడలే? మరి ఇన్నొద్దులు ఏం జేసినవ్?" అని నిజంగానే జాలిపడ్డాడు. యాభై ఆరేళ్ళ మనిషి, నెరిసిన మీసాలు, చెవుల్లో వెంట్రుకలు. పిల్లల కార్టూన్ పెట్టి, పక్కన నిలబడి, వచ్చే ప్రతి మాటా ముందే తాను చెబుతూ చూపించాడు. నాన్న పోయి నాలుగు నెలలు కాలేదు, ఇంటి దగ్గర అమ్మ ఏడుపు, ఇక్కడ ఈయన. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయనకు హీరోలతో పనిలేదు. ఆ కథలో నిధి కోసం బయలుదేరే అన్నాచెల్లెళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళు తెరమీదికి రాగానే టీ తాగడానికి పోయేవాడు. జెర్రిగడ్డం గొలుసు చప్పుడు వినపడితే పరుగున వచ్చేవాడు. మొదట టీవీలో వచ్చినదాంట్లో గొంతు ఇచ్చినవాడెవడో గాని వాడికి దండం పెట్టాలనేవాడు, "బొగ్గుపొడి మింగినోని గొంతు బిడ్డా, గసొంటి గొంతు కొనుక్కుంటే దొరకదు" అని. రెండోసారి తీసినదాంట్లో గొంతు గాజులమ్మేవాడిలా ఉందట. మూడోదాంట్లో కథలో అందరినీ జంతువులను చేసి జెర్రిగడ్డాన్ని కుక్కను చేశారు. ఆ మాట ఎత్తితే ఆ పూట ఆయన అన్నం తినేవాడు కాదు. "కుక్కను జేసిండ్రు! కెప్టెన్‌ను!" అని కిటికీలో లైటు ఇస్తూ లైనులో నిలబడ్డ మనుషులకు కూడా చెప్పేవాడు. వాళ్ళు పాపం పొద్దున్నే డ్యూటీకి వచ్చినవాళ్ళు, అవునవునని తలూపి పోయేవారు. నాలుగోదాంట్లో కంప్యూటర్ బొమ్మలట, గడ్డంలో ఒక్కో పాయా విడిగా కదులుతుందట. అది చూపించడానికి నన్ను భోజనాల వేళ రెండుసార్లు ఆపాడు.

ఇంతకీ ఆయనకు ఆ దొంగలో నచ్చిందేమిటంటే, ఓడ ఎక్కే చోట నిలబడే పద్ధతి. లంగరు ఎత్తేముందు జెర్రిగడ్డం ఓడ ఎక్కే చెక్క పక్కన లాంతరు పట్టుకుని నిలబడతాడు. ఒక్కో దొంగా ఎక్కుతుంటే లాంతరు వాడి మొహం దగ్గరికి ఎత్తి, పేరు పెట్టి పిలిచి, అప్పుడు వదులుతాడు. ఏ సినిమాలోనైనా ఈ సన్నివేశం ఉంటుంది, కుక్క అయినదాంట్లో కూడా ఉంది. "దొంగనే. లంగనే. కాదంటలే," అనేవాడు కాక, "గాని ఒక్క మనిషి లెక్క తప్పనియ్యడు. ఆ హీరో పోరగాళ్ళు చూడు, వెంట ఎవడున్నడో ఎవడు లేడో సోయే ఉండదు." ఆ దొంగను చూసి మా కిటికీ దగ్గర ఒక నియమం పెట్టాడు. లైటు ఎవరు తెచ్చినా సరే, బిళ్ళ మాత్రం ఆ మనిషి మొహం చూసి, పేరు పిలిచి, వాడి చేతిలోనే పెట్టాలి. కంపెనీ కాగితాల్లోనూ అలాగే రాసి ఉంటుంది, కానీ కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించేవాడిని నేను అప్పటివరకు చూడలేదు.

దీనివల్ల తిట్లు తిన్నది మాత్రం నేను. షిఫ్టు దిగే వేళకు వందమంది ఒకేసారి వస్తారు, ఒళ్ళంతా బొగ్గు, బయట బస్సు హారన్. ఒక్కొక్కడి మొహం చూసి పేరు పిలుస్తూ కూర్చుంటే ఎవడికి మాత్రం ఓపిక ఉంటుంది? కాక లోపల లైట్లు ఛార్జింగుకు పెట్టుకుంటూ ఉండేవాడు, కిటికీలో నేను. "ఏందక్కా గిది, పెండ్లిచూపులా?" అనేవాడొకడు. "మొహం మొత్తం మసే ఉన్నది, ఏం గుర్తుపడ్తవ్?" అనేవాడింకొకడు. అందుకని వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. వెనకబడినవాడు తన లైటు ముందు నడిచేవాడికి ఇచ్చి పంపేవాడు, లైనులో చోటు పట్టడానికి. తాను వెనక వచ్చేవాళ్ళ వెలుతురులో నడిచివచ్చి, తన వంతుకల్లా కిటికీ దగ్గరికి చేరుకునేవాడు. దవాఖానలో చీటీ కోసం చెప్పులు వరుసలో పెట్టినట్టు. కాక చూస్తే లైటు తీసుకుని పక్కన పెట్టేవాడు, బిళ్ళ ఇచ్చేవాడు కాదు.

కథ చివరి సన్నివేశం మీద నాకూ ఆయనకూ రోజూ గొడవే. నీళ్ళు నిండుతున్న గుహలోంచి దొంగలందరూ ఓడ ఎక్కేస్తారు. జెర్రిగడ్డం లాంతరు ఎత్తి చూస్తే ఒకడు తక్కువ. ముసలి వంటవాడు లోపలే ఉండిపోయాడు. కెప్టెన్ మళ్ళీ గుహలోకి పోతాడు, వాడిని భుజాన వేసుకుని వస్తాడు, ఆ ఆలస్యం వల్లే పిల్లలకు పట్టుబడతాడు. అయితే నిధి పెట్టె తాళంచెవి ఆ వంటవాడి మెడలో ఉంటుంది. కాకను ఉడికించాలని నేను అదే పట్టుకున్నాను. "వంటోని కోసం కాదు కాకా, తాళంచెవి కోసం పోయిండు. లేకుంటే ఎందుకు పోతడు?" అంటే ఆయన మొహం ముడుచుకునేవాడు. "నీకు తెల్వదు" అనేవాడు. ఎందుకో చెప్పమంటే చెప్పేవాడు కాదు, మళ్ళీ మొదటినుంచి చూడమనేవాడు. రెండేళ్ళపాటు ఈ వాదన సాగింది. ఒక మనిషి ఇంత మొండిగా ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు.

నా ఉద్యోగం పర్మనెంటు కావడానికి నెల రోజులుందనగా కాక ఒక మధ్యాహ్నం కళ్ళ పరీక్షకని దవాఖానకు పోయాడు. మొదటి షిఫ్టు దిగే వేళకు కిటికీలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆ రోజు నాకు స్వతంత్రం వచ్చినట్టయింది. మొహాలు లేవు, పేర్లు లేవు. లైటు వచ్చిందా, బిళ్ళ ఇచ్చామా, అంతే. పావుగంటలో లైను ఖాళీ. "గిట్లుండాలె అక్కా, నువ్వే ఇన్‌ఛార్జి గావాలె" అని ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా. రిజిస్టరులో అందరూ పైకి వచ్చారని రాసి సంతకం పెట్టి, బోర్డు మీద మొదటి షిఫ్టు కొక్కేలన్నీ ఖాళీగా ఉండటం చూసి మురిసిపోయాను.

కాక రాగానే బోర్డు చూశాడు. ఆ తరువాత లైట్లు పెట్టిన వరుస చూశాడు. వేలితో ఒక లైటు తట్టాడు.

"సమ్మయ్య లైటు గింత డిమ్ముగ ఎందుకున్నది? సమ్మయ్య ఏమన్నడు?"

"ఏమన్లే కాకా."

"మొహం చూసినవా?"

"లైటు వచ్చింది కాకా."

"లైటు కాదు పద్మా. మొహం."

అప్పుడు గుర్తొచ్చింది. సమ్మయ్యతో పనిచేసే తిరుపతి రెండు లైట్లు ఇచ్చాడు, రెండు బిళ్ళలు తీసుకున్నాడు. ఇంకా కదలని బస్సు దగ్గరికి పరిగెత్తాను, తిరుపతి కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు, సమ్మయ్య బిళ్ళ ఇంకా వాడి జేబులోనే ఉంది. "ఆయాసమైతున్నదన్నడక్కా. జరసేపు కూసుంట, వెనకొచ్చేటోళ్ళతోని వస్త, నువ్వు లైన్‌ల చోటు పట్టు అన్నడు. ఇంకా రాలేదా?" అన్నాడు. వెనక వచ్చేవాళ్ళు ఆ రోజు వేరే దారిన వచ్చారు. సమ్మయ్య కూర్చున్న వైపు మెషిన్ చెడిపోయి రెండో షిఫ్టుకూ రాత్రి షిఫ్టుకూ పని లేదు. అంటే మర్నాడు పొద్దునదాకా అటు నడిచే మనిషి లేడు, అతని దగ్గర వెలుతురూ లేదు. అందరూ పైకి వచ్చారని నా సంతకం ఉంది కనుక వెతికేవాడూ లేడు.

తిరిగి వచ్చి కాక ముందు నిలబడ్డాను. ఏదో ఒకటి చెప్పి ఆయనే సర్దుతాడని ఆశపడ్డాను. ఆయన లోపలికి మాట్లాడే ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు. నువ్వు సంతకం పెట్టినవ్ గద." ఆ క్షణంలో ఆ మనిషిని నేను ఎంత అసహ్యించుకున్నానో చెప్పలేను. మనిషి లోపల ఉన్నాడు, నేను తప్పు రాశాను, మొహం చూడలేదు అని నా నోటితోనే చెప్పాను. గంటసేపటికి సమ్మయ్యను స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. చీకట్లో లేచి నడవబోయి కళ్ళు తిరిగి పడ్డాడట, నుదురు చిట్లింది. నన్ను చూసి, "అక్కా, నా బిళ్ళ?" అన్నాడు. తిరుపతి దగ్గర తీసుకున్న బిళ్ళ నా గుప్పిట్లోనే ఉంది. మొహం చూశాను, పేరు పిలిచాను, చేతిలో పెట్టాను. అప్పుడు ఏడుపు వచ్చింది.

నాకు మెమో వచ్చింది, పర్మనెంటు కావడం ఆరు నెలలు వెనక్కి పోయింది. పైవాళ్ళు అడిగితే కాక జరిగింది జరిగినట్టు రాసిచ్చాడు, ఒక్క ముక్క కూడా నాకు అనుకూలంగా తిప్పలేదు. ఎదుటి మనిషికి ఇల్లు గడవాలన్న ధ్యాస ఉండొద్దా? వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం లైనులో వచ్చిన ప్రతివాడికీ, "మా పద్మ ఉరికింది సూడు, సమ్మయ్య కోసం!" అని చెప్పుకున్నాడు. అది నేను భరించలేకపోయాను. ఒకనాడు టీ గ్లాసు బల్లమీద పెట్టి అనేశాను.

"గట్ల చెప్పకు కాకా. నేను సమ్మయ్య కోసం ఉరకలే. నౌకరి పోతదని ఉరికిన. అమ్మకు ఏం చెప్పాలె అని ఉరికిన. సమ్మయ్య మొహం నాకు యాదికి గూడ లేదు."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. టీ ఊదుకుంటూ అన్నాడు, "తెలుసు బిడ్డా. వాడు గూడ తాళంచెవి కోసమే పోయిండు. నాకు మొదటిసంది తెలుసు. అయితే ఏంది? ముసలోడు బయటికొచ్చిండా లేదా?"

రెండేళ్ళు నాతో వాదించిన మనిషి! మొదటినుంచి తెలిసి కూడా నన్ను రోజూ విసిగించిన మనిషి! ఆ రోజు గ్లాసు ఎత్తి ఆయన మీద పోయాలనిపించింది. ఇప్పుడు ఆయన లేడు. నాకు తండ్రి పోయాక దొరికిన పెద్దదిక్కు ఆయనే అని ఆయన ఉన్నప్పుడు ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే ఇంకో సినిమా చూపించేవాడు.

ఈ కొత్త కార్టూన్‌లో గుహలోకి నీళ్ళు వచ్చాయి. జెర్రిగడ్డం లాంతరు ఎత్తాడు, ఒకడు తక్కువ. వెనక్కి పరిగెత్తాడు, వంటవాడిని కౌగిలించుకున్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, స్నేహం గురించి ఒక పాట కూడా పాడాడు. వంటవాడి మెడ బోసిగా ఉంది.

"తాళంచెవి ఏది?" అని అరిచాను.

నా కూతురు ఉలిక్కిపడి చూసింది. "ఏ తాళంచెవి అమ్మా?"

"వాని మెడల ఉండాలె. తీసేసిండ్రు. ఇంత మంచోడైతే ఎవడైనా పోతడు. తాళంచెవి కోసం పోయినోడే గద మనిషిని తెచ్చింది! అసలు కథంత అదే!"

పిల్ల నా చింతపండు చేయీ నా మొహమూ మార్చి మార్చి చూసింది. తరువాత తెరవైపు తిరిగి, నన్ను వదిలించుకునే గొంతుతో, "ముసలోడు బయటికొచ్చిండు గద అమ్మా. ఇంకేంది?" అంది.

మళ్ళీ ఓడిపోయాను. రేపు నాకు మొదటి షిఫ్టు. వందమంది లైనులో నిలబడి తిడతారు, ఎవడో ఒకడు రెండు లైట్లు పట్టుకుని వస్తాడు. నేను రెండో లైటు తీసుకుని పక్కన పెడతాను, బిళ్ళ ఇవ్వను. మొహం ఏదని అడుగుతాను.