దసరా డబ్బాలో ఓట్స్ బిస్కెట్లు

మొగుడు ఉన్నట్టుండి మంచివాడైతే ఎంత జాగ్రత్తగా ఉండాలో భివండి పద్మనగర్ ఓదెమ్మను అడగండి, చెబుతుంది.

ఆ ఏడు ఆమె భర్త బుచ్చిరాములుకు షుగరు బయటపడింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె మాట ఒక్కటీ చెవిన పెట్టని మనిషి, దసరా ముందు తనంతట తానే వచ్చి, "ఓదే, డాక్టర్ చెప్పిన ఓట్స్ బిస్కెట్లు చెయ్యరాదే. జెర ఎక్కువనే చెయ్యి, నిల్వ ఉంటయ్" అన్నాడు. పిచ్చిది, పొంగిపోయింది. ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందనుకుంది.

ఓట్స్ దోరగా వేయించి, మిక్సీలో పట్టి, గోధుమపిండీ నెయ్యీ కలిపి, బెల్లం పేరుకు మాత్రం వేసి పెద్ద తపేలాల నిండా పిసికింది. పండుగ ముందు ఆ వీధి ఆడవాళ్లంతా చేసినట్టే, కాల్చడానికి పిండిని బేకరీ భట్టీకి మోసుకుపోయింది. తన నెయ్యి పిండి ఎక్కడ పక్కవాళ్ల డాల్డా పిండిలో కలుస్తుందోనని కాపలా కూర్చుంది. వంతు వచ్చేసరికి పొద్దు వాలింది, నడుము పడిపోయింది. అయినా వేడి బిస్కెట్టు విరిచి నోట్లో వేసుకుని మురిసిపోయింది. చప్పగానే ఉంది. షుగరు మనిషికి అంతకన్నా ఏం కావాలి?

దసరా పొద్దున బుచ్చిరాములు సొంత మరమగ్గాల కార్ఖానాలో సాంచెలు ఆపి, వాటికి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. పూజ కాగానే సేటు, అంటే బుచ్చిరాములే, తన చేత్తో పనివాళ్లందరికీ మిఠాయి డబ్బాలు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. హారతి పళ్లెంతో నిలబడ్డ ఓదెమ్మ కళ్ల ముందే, సాంచెలు నడిపే దత్తాత్రి తన డబ్బా మూత తీశాడు. లోపల ఓదెమ్మ చేసిన ఓట్స్ బిస్కెట్లు!

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తన నడుము విరిగింది ఇందుకా? దత్తాత్రి మూత పెట్టి, తల వంచుకుని డబ్బా చంకలో పెట్టుకున్నాడు. అది చూసి ఇంకా మండింది. ఒకప్పుడు పరాయి కార్ఖానాలో ఆమె కండెలు చుట్టేది, ఈ బుచ్చిరాములు మగ్గం నడిపేవాడు. ఒక దసరాకు సేటు పాచిపోయిన బూంది పంచితే, "మనం మనుషులం గామా?" అని ఏడాదంతా తిట్టింది ఈ పెద్దమనిషే. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం!

"ఇదేందయ్యా?" అంది.

"గప్‌చుప్ ఉండవే. మిఠాయి ఎంత పిరమైందో ఎరికేనా?" అని గొణిగాడు.

"నాటి బూంది మర్చిపోయినవా?"

ఓదెమ్మ హారతి పళ్లెం దేవుడి ముందు పెట్టి, మగ్గాల దాకా వినబడేలా గొంతెత్తింది.

"అందరు ఆ డబ్బాలు ఈడ పెట్టుండ్రి. అవి మా ఆయన పత్యం బిస్కెట్లు, పొరపాటున వచ్చినయ్. మీ పేడాలు దుకాణంల ఉన్నయ్. సేటు ఇప్పుడే పోయి తెస్తడు. తెచ్చేదాంక నేను ఈన్నే కూసుంట."

పనివాళ్లందరి ముందు, పూజ పెట్టిన దేవుడి ముందు కాదని ఎట్లా అంటాడు? చెప్పులేసుకుని పోయాడు. తెచ్చాడు కూడా. దత్తాత్రి ఈసారి ఒక పేడా అక్కడే నోట్లో వేసుకుని నవ్వాడు.

బుచ్చిరాములు కూడా ఒక పేడా కోసం చెయ్యి చాచాడు. ఓదెమ్మ డబ్బా పక్కకు జరిపి, అతని చేతిలో ఓట్స్ బిస్కెట్టు పెట్టింది.

"తిను. ఎక్కువనే చేసిన. నిల్వ ఉంటయ్."