పసుపు పూసిన పడవకు మైనర్ డామేజీ

లంబాలైన్‌లో దీవి విమానాశ్రయం పక్కనున్న మా ఇంటి మీదుగా విమానం దిగుతుంటే ఎంతటి చదువైనా కాసేపు ఆగాల్సిందే. మా మనవరాలు మాత్రం ఆ హోరును మించి అరుస్తూ ఇంగ్లీషు బట్టీపట్టేది. సీరియస్ యాక్సిడెంట్, ఫేటల్ యాక్సిడెంట్, మైనర్ ఇంజురీ, టోటల్ లాస్. ప్రమాదం ముందు ఏ మాట పెట్టాలో పరీక్షలో అడుగుతారట. పెద్ద ప్రమాదమే కదా, బిగ్ అంటే చాలదా అన్నాను. అలా అనరు మామ్మా, బాగోదు అంది. మనిషి పోతే ఫేటల్ అట, పోకుండా మూలుగుతుంటే సీరియస్ అట.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఈ పాఠం దానికంటే ముందే, సునామీ తర్వాతి రోజుల్లో, పుస్తకం ఖర్చు లేకుండా నాకు వచ్చేసింది.

అప్పుడు ఇదే దీవిలో, వాగు పక్కన సిప్పీఘాట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనది చేపల వేట. డుంగీ అని ఒక చిన్న చెక్క పడవ, దానికో చిన్న ఇంజను, అదే మా బతుకు. సముద్రం వాగులోంచి ఎగదన్ని పొలాలు ముంచింది. డుంగీని ఎత్తుకుపోయి పోకతోటలో పడేసింది. దాని అడుగుదూలం నిలువునా చీలింది. మా ఆయన పక్కటెముకలు విరిగాయి. శిబిరంలో ఆయనకు మైనర్ ఇంజురీ అని రాశారు, తన కాళ్ళతో తనే నడిచి వచ్చాడు కనుక. సీరియస్ కావాలంటే ఎవరైనా మోసుకురావాలట. ఆ సంగతి ముందే తెలిస్తే మోసేవాళ్ళను నేనే పిలుచుకొద్దును.

ఇంతలో పడవల నష్టం చూడడానికి ఆఫీసు నుంచి మనిషి వస్తున్నాడని కబురు వచ్చింది. అతను రాసే మాటను బట్టే సాయం. మైనర్ అయితే కాసిని మేకులు, ఒక తారు డబ్బా. టోటల్ అయితే కొత్త పడవ. కొత్తది రాకపోతే మా ఆయన పరాయి పడవలో కూలికి పోవాలి. విరిగిన ఎముకలవాణ్ణి కూలికి ఎవరు పిలుస్తారు?

బుద్ధున్నవాళ్ళయితే పడవను పడినచోట పడినట్టే ఉంచుతారు. మా వాళ్ళలో అది కుదరదు. మాకు పడవంటే అమ్మవారు. మట్టి మొహంతో పరాయివాళ్ళ ముందు నిలబెట్టరు. మా మరుదుల చేత దాన్ని వాగు ఒడ్డుకు లాగించాడు మా ఆయన. బురద కడిగించి, చీలికలో దూది కుక్కించి, పైన తారు పూయించాడు. ఆపైన దాని ముక్కుకు పసుపు రాసి బొట్లు పెట్టాడు. కూరలోకే పసుపు దొరకని రోజులవి. డబ్బీ అంతా దానికే అయిపోయింది.

"ఆపీసరు పెళ్ళిచూపులకొస్తన్నాడేటి?" అన్నాను.

"గంగమ్మ తల్లిని బికారిదాన్లాగ నిలబెట్టమంటావేటే? నాను నిలబెట్టను" అన్నాడు.

వచ్చినవాడు హిందీవాడు, కుర్రవాడు, మర్యాదస్తుడు. చుట్టూ తిరిగి చూసి "బహుత్ సుందర్ హై, మా జీ" అని మెచ్చుకుని, మైనర్ డామేజ్ అని రాయబోయాడు. మా ఆయన బతుకు పోతోందన్నది మరిచి, పడవను మెచ్చుకున్నాడని మురిసిపోతూ నిలబడ్డాడు. ఇక నేనే కలగజేసుకున్నాను.

"మొకం కడిగితే లోపలి రోగం పోద్దా భయ్యా? నడుం ఇరిగింది దానికి. టోటల్ హై."

అతను ఓపిగ్గా నిబంధన చెప్పాడు. టోటల్ అనాలంటే పడవ కంటికి కనబడకూడదట, సముద్రం పట్టుకుపోయి ఉండాలట. అలా పడవ పోయినవాళ్ళనేమో అసలు పడవ ఉండేదనడానికి రుజువేదని అడుగుతున్నారు. అది మేము అప్పటికే విన్నాం. ఇది చక్కగా తేలుతుంది కదా అని కూడా అన్నాడు.

"తేలుద్దా? అయితే ఎక్కు భయ్యా. ఆ ఒడ్డుదాకా తిప్పి తెస్తారు."

కాదనలేక ఎక్కాడు. మా మరుదులు తోశారు. వాగు సగమైనా దాటకముందే దూది ఊడి పైకి తేలింది, ఆ వెనకే నీళ్ళు ఎగిశాయి. అడుగు పెళపెళమని రెండుగా విచ్చుకుంది. అక్కడ నడుం లోతు నీళ్ళే. ఆఫీసరు కాగితాలు నెత్తిన పెట్టుకుని, బూట్లు బురదలో దిగబడి, కదలకుండా నిలబడ్డాడు. అతని పక్కన పసుపు పూసిన ముక్కు ఒక్కటే నీటి పైన మిగిలింది.

"లిఖ్ దూంగా, మా జీ. టోటల్ లాస్" రాసేస్తానన్నాడు, అక్కడి నుంచే.

మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. పడవను నేనే ముంచానని ఆయన లెక్క. ముంచకపోతే ఏం తినేవాళ్ళమో అడిగాను.

చాలా నెలలకు ఫైబర్ పడవ ఇచ్చారు. పాతది మళ్ళీ సముద్రంలోకి దింపకూడదన్నారు. నేల మీదికి తేకూడదని ఎవరూ అనలేదు. ఎండితే పనికొచ్చే కర్రను నీళ్ళకు వదిలేసేంత కలిగినదాన్ని కాను. పలకలు ఊడదీయించి, ఎండబెట్టి, మాకిచ్చిన రేకుల ఇంట్లోకి మంచం చేయించాను. అమ్మవారి మీద పడుకోవడమేమిటని మా ఆయన కొన్నాళ్ళు చాప వేసుకుని నేల మీదే పడుకున్నాడు. మైనర్ ఇంజురీ అని రాసిన ఆ ఎముకలు నేల చెమ్మకు పీకడం మొదలుపెట్టాయి. ఒక మధ్యాహ్నం నేను బజారు నుంచి వచ్చేసరికి, మా ఆయన టోటల్ లాస్ మీద వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు.