ఆరినట్టు కనిపించే బండి

అడగరు. ఒక్కరంటే ఒక్కరు అడగరు. ఈ టెక్సస్ ప్లేనోలో ఎవరు ఎన్ని బెడ్‌రూముల ఇల్లు కొన్నారో అడుగుతారు, ఎవరికి గ్రీన్‌కార్డు వచ్చిందో ఎవరికి రాలేదో అడుగుతారు, ఎవరింట్లో కుక్క ఎన్ని పిల్లల్ని పెట్టిందో కూడా అడుగుతారు. పద్మనాభం ఎవరు, ఆయన ఏం చేశాడు అన్న మాట మాత్రం మీ నోట ఒక్కనాడూ రాలేదు. సిగ్గుండాలి. సరే, అడక్కపోయినా చెవులు ఉన్నాయి కదా, ఆ ఫోన్లు బోర్లా పెట్టి వినండి.

పద్మనాభానిది ధవళేశ్వరం. ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు జీపు డ్రైవరు. ఐదో తరగతి దాటలేదు. మనిషి సన్నగా, కొలబద్ద నిలబెట్టినట్టు ఉండేవాడు. ఉన్నది ఒక్కటే జబ్బు, అనుమానం. అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత పద్మనాభం పుట్టాడనేవారు ఆఫీసులో. పాలవాడు నవ్వితే ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడనుకునేవాడు. నవ్వకపోతే, కలిపిన సంగతి బయటపడుతుందని బెదిరి ఉన్నాడనుకునేవాడు.

అది ఊరికే వచ్చిన జబ్బు కాదు. ఎనభై ఆరులో గోదారికి వరదొచ్చినప్పుడు ఆఫీసు జీపు రెండు రోజులు నీళ్ళలో ఉంది. నీళ్ళు తీశాక పద్మనాభం దాన్ని కడిగి, తుడిచి, పదిహేను రోజులు ఎండబెట్టాడు. పైకి పెళ్ళికొడుకులా తయారైంది. "ఆరిందా?" అని ఇంజినీరుగారు అడిగితే, "బాగా ఆరిందండి" అన్నాడు. మూడో నెలలో, లోపల దాగిన తడికి తుప్పెక్కి, కాలవగట్టు మీద బ్రేకు పట్టలేదు. జీపు గట్టు దిగిపోయింది. పక్కన కూర్చున్న గుమాస్తా ధర్మారావుకి కాలు విరిగి, అతుక్కోవడం వంకరగా అతుక్కుంది. పద్మనాభానికి గోరంత దెబ్బ తగల్లేదు. తగిలినా బాగుండేది. ఆరిందని చెప్పిన నోరు తనదే కదా. అప్పట్నుంచీ పైకి పొడిగా కనిపించే దేన్నీ ఆ మనిషి నమ్మలేదు.

రెండువేల ఐదులో, కూతురు రాగిణికి ఏడో నెల వచ్చాక, పద్మనాభమూ భార్య వసంతలక్ష్మీ పురుడు పోయడానికి ప్లేనో వచ్చారు. వచ్చిన వారానికే పద్మనాభం వీధిలో సగంమందిని అనుమానించాడు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడు ఇంటి నంబరు ఎందుకు రాసుకున్నాడన్నాడు. పక్కింటి తెల్లాయన ఆకులు ఊదే మిషనుతో కారు మీది నీళ్ళు ఊదుకుంటుంటే కిటికీలోంచి చూసి, "నీళ్ళు పోతున్నాయి సరే, ఆ దుమ్మెక్కడికి పోతుందో చూడు" అన్నాడు.

అల్లుడు విశ్వనాథ్ మంచివాడే. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. శనివారం పూట ఇంటిముందు చిన్న కారుని పైపుతో కడిగి, ఎండలో వదిలేసి లోపలికి వచ్చేవాడు.

"తుడవలేదేం బాబూ?"

"ఎండకి అదే ఆరిపోతుంది మావయ్యగారూ."

"ఆరదండి. మరకలు పడతాయి. ఇక్కడ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, బొట్టు ఆరిన చోటల్లా తెల్లగా చుక్క పెడుతుంది. తడి ఆరని బండీ తల ఆరబెట్టుకోని బాలింతా ఒకటే. ఇవాళ బానే ఉంటారు, రేపు మనల్ని ఏడిపిస్తారు."

అప్పట్నుంచీ ఆ పని ఆయనదైంది. బండిని నీడకి పెట్టించేవాడు. విశ్వనాథ్ ఇచ్చిన పచ్చరంగు తువ్వాలు రెండుసార్లు పిండి చూసి, "ఇది నీళ్ళు తాగట్లేదు, దాచుకుంటోంది" అని పక్కన పడేసి, తన పాత పంచె చింపాడు. మొదట పైకప్పు, తర్వాత అద్దాలు, తర్వాత పక్కలు, చివర చక్రాలు. రుద్దేవాడు కాదు. గుడ్డ పరిచి మెల్లగా తన వైపు లాగేవాడు, పసిపిల్ల వీపు తుడిచినట్టు. తడిసిన గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి, రెండూ కలవకూడదు. ఆ తర్వాత తలుపులన్నీ తెరిచి సందులు తుడిచేవాడు. ఆఖర్న వీధి చివరిదాకా బండి నడిపించమని అల్లుణ్ణి పంపేవాడు, బ్రేకుల తడి ఆరడానికి.

నవంబరులో విశ్వనాథ్ ఒక వెండిరంగు వాను తెచ్చాడు. బిడ్డ సీటూ, బిడ్డ బండీ పట్టాలంటే చిన్న కారు చాలదని. అమ్మేది అమర్‌నాథ్. గుడిలో ఆదివారం ప్రసాదాలు వడ్డిస్తాడు, పక్కన పాత కార్ల బేరాలు చేస్తాడు. "మనవాడే కదా" అన్న ఒక్క మాట మీద బేరం కుదిరింది. రెండు రోజులు ఉంచుకుని చూసుకోండి, సోమవారం కాగితాలు రాసుకుందాం అన్నాడు.

పద్మనాభం తలుపు తీసి వాసన చూశాడు. మల్లెపూల సెంటు గుప్పుమంది.

"ఇంత సెంటెందుకు కొట్టారండీ?"

అమర్‌నాథ్ నవ్వాడు. "లేడీస్ కోసం బాబాయిగారూ."

"లేడీసు కంపు కొడతారా ఏంటి మీ ఊళ్ళో?"

వసంతలక్ష్మి ఆయన మోచేయి గిల్లింది.

శనివారం పొద్దున్నే వానుని కడిగాడు పద్మనాభం. నీడకి పెట్టించి తుడిచాడు. అంతా ఆరింది గాని, వెనక తలుపు అడుగునుంచి మాత్రం నీళ్ళు రాలేదు. తలుపు లోపలికి దిగిన నీళ్ళు కారిపోవడానికి అడుగు అంచున సన్నటి బెజ్జాలు ఉంటాయి. మిగతా బండ్లన్నీ అక్కణ్ణుంచి బొట్లుబొట్లుగా కారతాయి. ఇది కారలేదు. చీపురుపుల్ల తెచ్చి పొడిచాడు. ముందు బురదనీళ్ళు వచ్చాయి. వాటి వెనక మెత్తగా, వెన్నలాగా, బూడిదరంగు ముద్ద వేలి మీదకి జారింది.

వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఇసక కాదు, రోడ్డు దుమ్ము కాదు. ఒండ్రు. ఏరు ఇంట్లోకొచ్చి, నిలబడి, తీరిగ్గా పోయినప్పుడు వదిలిపెట్టే ఒండ్రు. ఆ ఏడు ఆగస్టులో, ఇంకా ధవళేశ్వరంలో ఉండగానే, తుఫానుకి న్యూఆర్లీన్స్ ఊరంతా మునగడం టీవీలో వారంపాటు చూశాడాయన. కప్పుల దాకా నీళ్ళలో నిలబడ్డ కార్లు చూసి, "ఇవన్నీ ఏం చేస్తారో" అని అప్పుడే అన్నాడు కూడా. ఎవరూ పట్టించుకోలేదు.

వంటింట్లోకి వెళ్ళి భార్యకి వేలు చూపించాడు.

"చేయి కడుక్కోండి, పప్పులో పడుద్ది" అంది వసంతలక్ష్మి.

"ఆ బండి మునిగిందే."

"మీకు మునగని బండి ఎక్కడైనా కనిపించిందా? మొన్న పోస్టువాడు దొంగన్నారు, నిన్న మీటరువాడు దొంగన్నారు, ఇవాళ ప్రసాదం పెట్టేవాడు దొంగ. కూతురింట్లో తింటున్నాం. అల్లుడు ముచ్చటపడి కొనుక్కుంటున్నాడు. నోరు మూసుకోండి."

"రాగిణి ఎక్కుతుందే దాన్లో. పుట్టే బిడ్డ ఎక్కుద్ది."

"మరి తప్పైతే? ఇంటల్లుడి ముందు, ఆయన స్నేహితుడి ముందు మీ మొహం ఎక్కడ పెట్టుకుంటారు?"

ఆయనకీ అదే భయం. అల్లుడింట్లో మాట పోతే మళ్ళీ రాదు. కానీ ఒకసారి "ఆరిందండి" అని చెప్పి ఒక మనిషిని కుంటివాణ్ణి చేశాడు. మళ్ళీ వాను దగ్గరికి వెళ్ళాడు. డిక్కీలో కార్పెట్టు మూల ఎత్తాడు. పైన కొత్త కార్పెట్టు, కింద బోల్టులకి ఎర్రటి తుప్పు. ఆ తుప్పు గీరుతుండగా వెనక విశ్వనాథ్ వచ్చి నిలబడ్డాడు.

"మావయ్యగారూ, ఏం చేస్తున్నారు? ఇంకా మనది కాదు ఆ బండి!"

"మనది కాకముందే చూడాలి బాబూ. ఇది నీళ్ళలో ఉన్న బండండి."

విశ్వనాథ్ మొహం ముడుచుకుంది. "ఇంటర్నెట్‌లో రిపోర్ట్ తీయించాను. యాక్సిడెంట్ లేదు, ఫ్లడ్ లేదు. క్లీన్ టైటిల్, కాగితాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. మీకు అందరి మీదా అనుమానమే."

"కాగితం మునగలేదు బాబూ, బండి మునిగింది."

"అమర్‌నాథ్ అలాంటివాడు కాదు. అయినా మీ జీపులు వేరు, ఈ కార్లు వేరు."

ఆ మాటకి పద్మనాభానికి కోపం రాలేదు. "నాకు తెలీదనే అనుకోండి. ఒక్కటి చేయండి. బిడ్డ సీటు పెట్టే చోట కూర్చుని, ఆ బెల్టు చివరిదాకా లాగండి. మామూలుగా పెట్టుకునేంత కాదు. ఇంక రానంత."

మామగారి నోరు మూయించడానికే లాగాడు విశ్వనాథ్. బెల్టు మూరెడు వచ్చింది, శుభ్రంగా ఉంది. రెండు మూరలు వచ్చింది, శుభ్రంగానే ఉంది. ఆ పైన గరగరమంటూ వచ్చిన ముక్క మీద అడ్డంగా గోధుమరంగు గీత ఉంది. గీత కిందంతా మట్టిరంగు. వేలు పెట్టి రాస్తే పొడి రాలింది. వరద మరకలు పోయేలా బండంతా కడిగినవాడు, లోపల చుట్టుకుని ఉన్న బెల్టు కడగడం మర్చిపోయాడు.

విశ్వనాథ్ ఆ బెల్టు వదల్లేదు. పొట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రాగిణే అంది, "నేను ఈ వాన్ ఎక్కను. సోమవారం దాకా కూడా వద్దు, ఇప్పుడే ఫోన్ చెయ్."

సాయంత్రానికి అమర్‌నాథ్ వచ్చాడు. బెల్టు చూశాడు, ఒండ్రు చూశాడు. తనూ వేలంలో కొన్నానని, తనకేం తెలుసని అన్నాడు. ఆ తర్వాత పద్మనాభం వైపు తిరిగాడు.

"ఏంటి బాబాయిగారూ, నా మీద అనుమానమా?"

"నీ మీద లేదు బాబూ, బండి మీదే ఉంది. నువ్వు ఈ మాట అడిగాక నీ మీద కూడా వచ్చింది."

"ఇంతకీ నేను చేసిన తప్పేంటండీ?"

"మీ పిల్లల్ని ఎక్కించుకుని ఈ వానులో హ్యూస్టన్ దాకా పోయి రా. వచ్చాక నీ కాళ్ళకి దండం పెడతాను."

అమర్‌నాథ్ తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. తెలిసి అమ్మబోయాడో తెలియక అమ్మబోయాడో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. పద్మనాభానికి మాత్రం తెలుసు, అడిగితే చెప్పేవాడు కాదు. గుడిలో మాత్రం ఆ ఆదివారమే పాకింది, విశ్వనాథ్ మామగారికి మతి స్థిమితం లేదని. నాలుగు నెలలు వాళ్ళని ఎవరూ భోజనానికి పిలవలేదు. వసంతలక్ష్మి దానికి నలిగిపోయింది. విశ్వనాథైతే వాను వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున పాత కారు కడిగి, నీడకి పెట్టి, "ముందు ఏ గుడ్డ మావయ్యగారూ?" అని అడిగాడంతే.

రాగిణి జనవరిలో ఆ పాత కారులోనే ఆసుపత్రికి వెళ్ళి, పాపతో అందులోనే ఇంటికి వచ్చింది. పాప చేతికి కట్టిన పేరుపట్టీ పద్మనాభం మూడుసార్లు చదివించుకున్నాడు, పిల్ల మారిపోయిందేమోనని.

వేసవికి ఫోన్లు మొదలయ్యాయి. మతి లేదన్నవాళ్ళే, "మీ మావయ్యగారు ఖాళీగా ఉన్నారా? ఒక పాత కారు చూస్తున్నాం" అని గొంతు తగ్గించి అడిగేవారు. పద్మనాభం వెళ్ళేవాడు, పంచె ముక్కా చీపురుపుల్లా పట్టుకుని. ముందు బండి యజమాని చేత కడిగించేవాడు. తను తుడిచేవాడు. కారాల్సిన చోట నీళ్ళు కారేదాకా ఎవరింట్లోనూ కాఫీ తాగేవాడు కాదు. తొమ్మిది బండ్లు చూశాడు, రెండింటిని వద్దన్నాడు. పిలిచిన ప్రతివాణ్ణీ, "నిన్ను అమర్‌నాథ్ పంపలేదు కదా?" అని అడిగేవాడు.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. ధవళేశ్వరంలో, గుండెపోటుతో పోయాడు. పోయేనాటికి పద్మనాభానికి డెబ్బై మూడేళ్ళు.